సగంపూట సముద్రం

అయిదో తారీఖున జీతం పడింది. పడింది పడినట్టే ఉంది. మొంజీకి వచ్చిన కష్టం అదే.

పదమూడేళ్ళ నుంచీ అతని జీతానికి ఒక పద్ధతి ఉండేది. పొద్దున బ్యాంకులో పడేది. మధ్యాహ్నం లోపల ఇంటి లోను వాయిదా కింద ఆరువందల నలభై దీనార్లు ఎగిరిపోయేవి. మిగిలినదాన్ని ఇంటికి తెచ్చుకుని, మాంసం కొట్టు ముందు పిల్లిలా దాన్ని చూసుకుంటూ నెల వెళ్ళదీసేవాడు. ఇప్పుడు ఆ లోను తీరిపోయింది. ఇరవయ్యేళ్ళ లోనుని పదమూడేళ్ళకే తీర్చిపారేశాడు. ఇంటి కాగితం మీద బ్యాంకు పెట్టుకున్న తాకట్టు కొట్టేయించాడు. ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, కవరుని రేకు డబ్బాలో పెట్టి, డబ్బాని మంచం కింద పెట్టాడు.

మనిషన్నవాడు సంతోషించాలా వద్దా? మొంజీకి అన్నం సయించలేదు. సైకిలెక్కి బ్యాంకుకి పోయాడు.

"అమ్మాయ్, ఈ నెల నా జీతంలోంచి ఏమీ కొయ్యలేదు," అన్నాడు కౌంటర్లో కూర్చున్న పిల్లతో, దొంగని పట్టించేవాడిలా గొంతు తగ్గించి.

"మీ బాకీ అయిపోయింది కదా బాబాయ్."

"అయిపోయిందనుకో. మీరు మర్చిపోయి, ఆర్నెల్లకి గుర్తొచ్చి వడ్డీతో సహా కోస్తే?"

"ఇవ్వాల్సింది మర్చిపోతాం గానీ బాబాయ్, కొయ్యాల్సింది ఎప్పుడన్నా మర్చిపోయామా?"

నిజం చెప్పేవాళ్ళు బ్యాంకుల్లో ఎక్కువ రోజులుండరు. ఆ పిల్ల ఎన్నాళ్ళుంటుందో మరి. ఈ మాట విని లోపల్నుంచి మేనేజరే లేచొచ్చాడు. పదమూడేళ్ళలో ఎన్నడూ లేచి రానివాడు వచ్చి మొంజీ చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"సీ మొంజీ! మీలాంటి బాకీదారు మళ్ళీ దొరకడు మాకు. మిమ్మల్ని వదులుకోవాలంటే ప్రాణం ఒప్పడం లేదు," అన్నాడు, పేరుకి ముందు గౌరవంగా ‘సీ’ తగిలించి. పండగ దాటి బతికిపోయిన పొట్టేలుని కసాయివాడు పలకరించినట్టుగా ఉంది ఆ పలకరింపు. పోయేముందు మొంజీ సంకలో ఒక దరఖాస్తు పెట్టాడు. తోటలు కొనుక్కునేవాళ్ళకిచ్చే లోను. పన్నెండేళ్ళు. వాయిదా కూడా ఎంతో కాదు, దాదాపు ఆరువందల నలభై.

మొంజీ గుండె కుదుటపడింది. ఇంటికొచ్చి కడుపునిండా తిన్నాడు.

స్ఫాక్స్ ఊరివాడి చేతిలోంచి దీనారు జారిందంటే ఆ చెయ్యి విరిగిందని అర్థం అని రాజధాని వాళ్ళు వెక్కిరిస్తుంటారు. స్ఫాక్స్ వాళ్ళు దాన్ని పొగడ్త కింద జమ చేసుకుంటారు. అలాంటి ఊళ్ళో కూడా మొంజీని చూసి, "ఎంగిలి చేత్తో కాకిని తోలడు," అనేవాళ్ళంటే అతని ప్రతిభ ఏపాటిదో అర్థం చేసుకోవచ్చు. నూనె మిల్లులో మెకానిక్కు. ఆరు రోజులు మిల్లుకి చాకిరీ, ఏడో రోజు గ్రెమ్దా రోడ్డు పొడుగునా బావుల పంపులు బాగుచెయ్యడం. పదమూడేళ్ళూ ఆదివారం అనేదాన్ని అతను క్యాలెండర్లోనే చూశాడు. కాఫీ మానేశాడు. అంటే తన డబ్బులతో తాగడం మానేశాడు. ఇంకొకరు ఇప్పిస్తే రెండు తాగేవాడు.

ఆ రాత్రి భోజనాలయ్యాక భార్య వసీలా కరెంటు బిల్లు వెనక్కి తిప్పి, పెన్సిలు తీసుకుని అతని ఎదురుగా కూర్చుంది.

"ఇప్పుడు చెప్పు. నెలకి ఆరువందల నలభై మిగులుతోంది. దాంతో ఏం చేద్దాం?"

"అనుకునేదేముంది? ఒలీవ తోట. బీర్ అలీ వైపు నలభై చెట్ల తోట ఒకటుంది. లేత మొక్కలు. బ్రోకరు బయానా తొమ్మిది వేలంటున్నాడు, కొత్త సంవత్సరం దాకా ఆగుతానన్నాడు. మిగతాది బ్యాంకు ఇస్తుంది. రాసుకో."

"బయానా ఎక్కణ్ణించి తెస్తావు?"

"ఆదివారాలున్నాయిగా. ఇంకో రెండు పంపులు ఒప్పుకుంటా."

"కాపుకి ఎప్పుడొస్తాయి?"

"నిండు కాపంటే పదిహేనేళ్ళు."

"నీకిప్పుడు యాభై రెండు. అప్పటికి నీ నోట్లో పళ్ళుండవు."

"ఒలీవలకి పళ్ళు కావాలిగానీ నూనెకెందుకే? రొట్టె నూనెలో నానేస్తే అదే మెత్తబడుద్ది," అన్నాడు మొంజీ. అలా జవాబు చెప్పగలిగినందుకు తన మీద తనకే ముచ్చటేసింది. "సొంత చెట్టు నూనె తినకుండా చచ్చిపోయినవాణ్ణి ఈ ఊళ్ళో మనిషంటారా?"

వసీలా పెన్సిలు కదపలేదు. ఆమె కెర్కెనా దీవుల మనిషి. ఇరవై మూడేళ్ళ కాపురంలో స్ఫాక్స్ మాట నేర్చుకుంది, స్ఫాక్స్ వంట నేర్చుకుంది, స్ఫాక్స్ పొదుపైతే నేర్చుకోక తప్పలేదు. కోపమొస్తే మాత్రం దీవి మాట బయటికొస్తుంది.

"ఈ ఇంటి బాకీ నువ్వొక్కడివే తీర్సినావేటి?" అంది. "పదమూడేళ్ళు బార్లీ గటక తిని బతికినాను. ఒక్క పండక్కి మా ఊరెల్లినానా? ఇందులో నాదేది?"

"ఒలీవలు మనవేనే పిచ్చిదానా!"

"మనవన్నవన్నీ నీయే." పెన్సిలు బల్ల మీద పెట్టింది. కాసేపటికి నెమ్మదించి, మామూలు గొంతుతో చెప్పింది. "జిలానీ చిన్నాన్న ఫోన్ చేశాడు. మా సముద్రం అమ్మేస్తున్నాడు."

కెర్కెనాలో సముద్రానికి కూడా హద్దులుంటాయి. ఒడ్డుకి దూరంగా మోకాటి లోతు, నడుం లోతు నీళ్ళున్నచోట తాతల నాటి నుంచీ ఒక్కో కుటుంబానికి ఒక్కో ముక్క. చలికాలం ముందు ఆ ముక్కలో ఖర్జూర మట్టలు వరసగా నాటి గోడ కడతారు. ఆటుపోట్లకి కొట్టుకొచ్చే చేప ఆ గోడ పట్టుకుని పోయి పోయి చివర్న ఉన్న బుట్టలో పడుతుంది. వసీలా నాన్నకీ, ఆయన తమ్ముడు జిలానీకీ అలాంటి ముక్క చెరిసగం ఉండేది. నాన్న మోటారు పడవ మోజులో పడి తన సగం తమ్ముడికే అమ్ముకున్నాడు. పడవ మూడేళ్ళకి తుప్పుపట్టింది. అయిదేళ్ళకి నాన్నా పోయాడు. ఇప్పుడు జిలానీకి డెబ్బై నాలుగు. మోకాళ్ళు వంగడం లేదు. మట్టలు నాటే దిక్కులేదు. ఎవరో లస్సాద్ అట, హోటళ్ళవాడు, ఆ నీళ్ళ మీద చెక్కలు పరిచి కాఫీ కొట్టు పెడతానని మొత్తానికి పద్దెనిమిది వేలు ఇస్తానంటున్నాడు. వచ్చే ఆదివారం ఏదో ఒకటి చెప్పెయ్యమన్నాడు.

"అయితే?" అన్నాడు మొంజీ.

"అయితే మా నాన్న సగం ఇంక ఎప్పటికీ రాదు."

"వసీలా, నీళ్ళని సీసాలో పెట్టి ఇస్తేనే నేను కొనను. సముద్రంలో ఉన్నవాటిని కొనమంటావా?"

"కొనమన్లేదు. చూసి రమ్మన్నాను. చూడ్డానికి డబ్బులు అడగరు."

ఆ ఆఖరి మాట దగ్గర మొంజీ మెత్తబడ్డాడు. డబ్బులడగని పని ఏదైనా సరే, ఒకసారి చేసి చూడాలనేది అతని సిద్ధాంతం.

ఆదివారం పొద్దున్నే ఇంట్లో కాల్చిన రొట్టె, నాలుగు ఉడికిన గుడ్లు మూటకట్టుకుని ఫెర్రీ ఎక్కారు. జిలానీ ఇంటికి చేరేసరికి వాకిట్లో చాప మీద లస్సాద్ కూర్చుని టీ తాగుతున్నాడు. తెల్ల చొక్కా, నల్ల కళ్ళద్దాలు. మనిషి మర్యాదస్తుడే. మర్యాదస్తులతోనే జాగ్రత్తగా ఉండాలి.

"రా అల్లుడూ, రా!" జిలానీ గోడ పట్టుకుని లేచాడు. "పదమూడేళ్ళకి దోవ తెలిసిందేటి? బ్యాంకోడు ఇడిసిపెట్టీసినాడా?"

"వదిలేశాడు మామా. మొత్తం తీర్చేశా."

"సూత్తన్నాను కదా! ఎముకలుంచీసి కండంతా ఆడే తినీసినాడు. కూకో. ఓలమ్మా వసీలా, నీ పెనిమిటికి తిండెట్టడం మానీసినావేటే?"

"పెడితే తినడు సిన్నాన్నా, దాస్తాడు," అంది వసీలా. దీవి మట్టి తొక్కగానే ఆమె మాట మారిపోయింది.

లస్సాద్ నవ్వాడు. "సముద్రం బేరానికొచ్చారా సీ మొంజీ? రశీదు తడవకుండా చూసుకోండి."

"నేను చూడ్డానికొచ్చానంతే," అన్నాడు మొంజీ, అతను పోసిచ్చిన టీ అందుకుంటూ.

జిలానీ చదునైన పాత పడవలో వాళ్ళని తీసుకుపోయాడు. ఆటు సమయం. నీళ్ళు వెనక్కి లాక్కుపోయి, మోకాటి లోతు కూడా లేవు. సెప్టెంబరు నెల, ఇంకా ఎవరూ మట్టలు నాటలేదు. మొంజీ అటూ ఇటూ చూశాడు. నాలుగు వైపులా ఒకటే నీళ్ళు.

"ఏదీ మామా మీ ముక్క?"

"ఇదే."

"ఏది ఇదే?"

"దిగు. ఆఁ, నువ్వు కాలెట్టిందే నాది. ఇంకో రెండడుగులు అటేసినావంటే మాబ్రూక్ గాడిది. ఆడు తగువులమారి, అటేపు ఎల్లకు."

మొంజీ ప్యాంటు మోకాళ్ళపైకి మడిచాడు. బూట్లు విప్పి, తాళ్ళు కలిపి ముడేసి మెళ్ళో వేసుకున్నాడు. పడవలో పెట్టొచ్చు కదా అంటే, పడవ తిరగబడితే అన్నాడు. వంగి గుప్పెడు మట్టి తీశాడు. వాసన చూశాడు. తోట కొనేవాడు మట్టి వాసన చూడకుండా కొనడు కదా మరి. నాచు వాసనొచ్చింది. దాన్నిబట్టి ఏం తేల్చుకోవాలో తెలియక తలాడించాడు. తర్వాత అడుగులు లెక్కపెట్టడం మొదలెట్టాడు. స్ఫాక్స్ వాడికి భూమి కొలత ఒకటే తెలుసు. చెట్టుకీ చెట్టుకీ మధ్య ఇరవై నాలుగు మీటర్లు.

"ఒక చెట్టు... రెండు చెట్లు... మూడు చెట్లు..."

"సిన్నాన్నా, ఆయన ఏటి సేత్తన్నాడు?" అంది పడవలోంచి వసీలా.

"సముద్రంలో ఒలీవలు నాటేత్తన్నాడే! ఉండు, నవ్వకు, లెక్క తప్పిపోద్ది."

పద్దెనిమిది చెట్ల పొడుగు, ఏడు చెట్ల వెడల్పు అని తేలింది. చొక్కా జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకుంటున్నాడు. రాస్తూ ఉండగా నీళ్ళు మోకాలు దాటాయి. గుణిస్తూ ఉండగా తొడలకొచ్చాయి. మొత్తం కిందకి గీత గీసేసరికి నడుం దాకా వచ్చేశాయి. పోటు తగిలింది. పుస్తకం నెత్తిమీద పెట్టుకుని, బూట్లు మెళ్ళో వేలాడుతుంటే, మనిషి పడవ వైపు పరిగెత్తబోయి రెండుసార్లు మునిగి లేచాడు. జిలానీ చొక్కా పట్టి లాగి పడవలో పడేశాడు.

నీళ్ళు కక్కుకుంటూనే మొంజీ బేరం మొదలెట్టాడు. నీళ్ళలో గేదెని పెట్టి బేరమాడినట్టని సామెత. ఇక్కడ గేదె కూడా లేదు.

"మామా, పద్దెనిమిది వేలు చాలా ఎక్కువ. ఇప్పుడు నేను కళ్ళారా చూశాను. రోజులో సగం పూట ఇక్కడ నీళ్ళే ఉండవు."

"ఉండవు."

"మరి సగంపూట సముద్రానికి పూర్తి ధర ఎలా అడుగుతావు? సగమే ఇవ్వాలి. అందులోనూ మాకు కావాల్సింది సగం ముక్క. అంటే నాలుగున్నర వేలు."

జిలానీ తెడ్డు ఆపేశాడు. అల్లుడి మొహంలోకి చూశాడు. ఎగతాళి కాదని అర్థమయ్యాక పడవ ఊగేలా నవ్వాడు.

"ఓర్నాయనో! అయితే ఓ పని సేద్దుము. నీళ్ళున్న పూట నువ్వు కొను, నీళ్ళు లేని పూట ఆ నల్లద్దాలోడికి అమ్మీసుకుంటాను. ఆడికి కావలిసింది బురదే!"

మొంజీకి నవ్వు రాలేదు. నాలుగున్నర వేలు కూడా అతని దగ్గర లేవు. ఉంటే మటుకు ఇస్తాడా? ఆ నలభై చెట్లు అతని కళ్ళ ముందు వరసలు కట్టి నిలబడి ఉన్నాయి. బ్యాంకు దరఖాస్తు ఇంట్లో బల్ల మీద ఉంది. "చూశాంగా, ఇంక పోదాం. నాలుగు గంటల ఫెర్రీ ఉంది," అన్నాడు.

వసీలా అప్పటిదాకా పడవ అంచు మీద కూర్చుని నీళ్ళలో చెయ్యి ఆడిస్తోంది. చెయ్యి పైకి తీసి తుడుచుకుంది.

"సిన్నాన్నా, అమ్మొద్దు. ఈయనకి మగార్సాకియ్యి," అంది.

మొంజీ ఉలిక్కిపడ్డాడు. మగార్సా సంగతి స్ఫాక్స్‌లో చంటిపిల్లాడిక్కూడా తెలుసు. భూమి ఒకడిది, చాకిరీ ఇంకొకడిది. ఉత్త నేల తీసుకుని, మొక్కలు నాటి, నీళ్ళుపోసి పెంచి కాపుకి తెస్తే, ఆ రోజున నాటినవాడికి సగం తోట రాసిచ్చేస్తారు. చేతిలో దీనారు లేకుండా తోటలు సంపాదించినవాళ్ళంతా అలా సంపాదించినవాళ్ళే. మొంజీ తాత కూడా.

"సముద్రానికి మగార్సా ఏంటే, ఎక్కడన్నా ఉందా?"

"ఎందుకుండకూడదు? మొక్కల బదులు మట్టలు నాటుతావు. నెలకో వారం కాదు, ప్రతి ఆదివారం వచ్చి చూసుకుంటావు. కాపొచ్చినప్పుడల్లా చేపలు చిన్నాన్నకి సగం, మనకి సగం. గడువయ్యాక సగం ముక్క మన పేరు మీద రాసిస్తాడు." తర్వాత అతనికి బాగా అర్థమయ్యే భాషలో చెప్పింది. "ఒక్క దీనారు పెట్టక్కర్లేదు."

ఒక్క దీనారు పెట్టక్కర్లేదు. ఈ మాట మొంజీ చెవిలో పడ్డాక ఇంక మిగతా ప్రపంచం వినపడదు. అతను నీళ్ళకేసి చూశాడు. ఇందాక దిక్కుమాలిన నీళ్ళనిపించినవి ఇప్పుడు తొమ్మిది వేల దీనార్ల ఆస్తిలా మెరుస్తున్నాయి.

"గడువెంత?" అన్నాడు.

"ఏడేళ్ళు," అన్నాడు జిలానీ.

"ఏడేళ్ళా! ఒలీవ తొలి కాపుకి రావాలంటే ఏడేళ్ళు. మట్ట నాటిన పన్నెండో రోజున చేప పడుద్దంట. నన్ను మరీ అమాయకుణ్ణి చెయ్యకు మామా. మూడేళ్ళు."

"మూడేళ్ళకి మట్ట నిలబెట్టడమే రాదు నీకు. ఆరున్నర."

"ఆ హోటలాయనకి ఇచ్చేసుకో అయితే."

"ఇచ్చీమంటావా?"

"...అయిదు," అన్నాడు మొంజీ.

జిలానీ ఆకాశంకేసి చూశాడు, గడ్డం గోక్కున్నాడు, ఈ అల్లుణ్ణి తెచ్చినందుకు చచ్చిపోయిన అన్నని తిట్టాడు. ఆఖరికి ఉసూరుమంటూ చెయ్యి చాచాడు. మొంజీ తడి చేత్తో ఆ చెయ్యి గట్టిగా కుదిపాడు. ఒడ్డుకి పోగానే ఇద్దరు సాక్షుల్ని కూర్చోబెట్టి కాగితం రాయించారు. లస్సాద్ కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. "మంచిదండీ. మనసు మారితే చెప్పండి," అన్నాడు.

ఫెర్రీలో మొంజీ దారంతా చంకలు గుద్దుకున్నాడు. "ఏడంటే అయిదుకి దింపాను, చూశావా? మీ వాళ్ళకి బేరం తెలీదు." వసీలా అవునంది. గుడ్డు ఒలిచి అతని చేతిలో పెట్టింది.

బేరంలో ఏం కొన్నాడో మొంజీకి తర్వాతి ఆదివారం తెలిసింది. మట్టలు కొనడమెందుకు దండగ అని జిలానీ పెరట్లో ఖర్జూరం చెట్లెక్కి మొంజీ తనే కోశాడు. ముళ్ళు రెండు చేతుల్లోనూ దిగాయి. వాటిని మోపులు కట్టి పడవలో వేసుకుని, నడుంలోతు నీళ్ళలో నిలబడి, గునపంతో సముద్రపు అడుగున గుంట చేసి, ఒక్కో మట్టా దింపి, కాలితో మట్టి తొక్కాలి. అది పడకుండా పక్కది నాటాలి. పద్దెనిమిది చెట్ల పొడుగు! చెట్లయితే పద్దెనిమిదే నాటేవాడు. మట్టలు వేలల్లో ఉన్నాయి.

జిలానీ పడవలో కూర్చుని ఆక్టోపస్ ముక్క నములుతూ అజమాయిషీ చేశాడు.

"వొంకర. పీకి మళ్ళీ నాటు."

"సముద్రంలో వంకరేంటి మామా, ఎవడు చూస్తాడు?"

"సేప సూత్తాది."

మూడో ఆదివారం నడుం పట్టేసింది. పడవలో బోర్లా పడుకుని మూలుగుతుంటే జిలానీకి జాలేసిందో, నోరు జారిందో గానీ ఒక మాట అన్నాడు. "అయిదేళ్ళు ఎలా సేత్తావో పాపం. నాలుగు దగ్గిర నిలబడితే నాలుక్కే ఇచ్చీసుందును కదరా. వసీలా ముందే అడిగితే ఫోన్లో నాలుక్కి ఒప్పేసుకున్నాను. ఆయన బేరం ఆడుతాడు, ఓ మూడు కలిపి సెప్పమంది. నువ్వేమో అయిదు కాడే ఆగిపోనావు."

మొంజీ మూలుగు ఆపేశాడు. నొప్పి సంగతే మర్చిపోయాడు. ఒక ఏడాది! యాభై రెండు ఆదివారాలు చేజేతులా ఎక్కువిచ్చేశాడు! స్ఫాక్స్‌లో ఈ సంగతి తెలిస్తే తలెత్తుకు తిరగ్గలడా? ఆ వారమంతా భార్యతో ముక్తసరిగా మాట్లాడాడు. ఆమె అడగలేదు, అతను చెప్పలేదు. మోసపోయానని చెప్పుకోవడం కంటే మోసపోవడమే నయం.

పంపుల పని మానేశాడు కాబట్టి బయానా మాట వెనకబడింది. కరెంటు బిల్లు వెనక వసీలా ఇప్పుడు మూడు గీతలు గీసింది. రెండు వందలు, వాననీటి తొట్టి పగుళ్ళు పూడ్చడానికి. రెండు వందలు, మొనాస్తీర్‌లో నర్సు చదువుతున్న కూతురు అమల్ ఖర్చులకి. రెండు వందల నలభై, పడవకి కొత్త తెరచాప, బుట్టలు, ఫెర్రీ టికెట్లు.

"ఒక్క దీనారు పెట్టక్కర్లేదన్నావుగా!"

"ముక్కకి పెట్టక్కర్లేదన్నాను. పడవ మునక్కుండా ఉండాలా వద్దా?"

"మరి ఒలీవలు?"

"అక్కడ నాలుగో గీతకి చోటుంది చూడు. నీకొక ఆదివారం దొరికిన రోజు రాసుకో."

బ్యాంకు దరఖాస్తుని మొంజీ పారెయ్యలేదు. డబ్బాలో ఇంటి కాగితం పక్కనే దాచుకున్నాడు. కొత్త సంవత్సరం ఇంకా రాలేదు కదా.

నవంబరులో గోడ నిలబడింది. నీళ్ళపైకి మూరెడెత్తు లేచి, ఒక వైపు కాస్త వంకరగా, అయినా ఆ చివర్నుంచి ఈ చివరికి తెగకుండా. ఆ ఆదివారం జిలానీకి జ్వరం. మొగుడూ పెళ్ళాలే పడవ వేసుకుని వెళ్ళారు. వసీలా తెరచాప తాడు పట్టుకుంది. ఇరవై మూడేళ్ళుగా చీపురూ గరిటా తప్ప ఇంకోటి పట్టగా మొంజీ చూడని చేతులు అవి. తాడు ఎక్కడ లాగాలో ఎక్కడ వదలాలో వాటికే తెలిసినట్టున్నాయి. మొదటి బుట్ట పైకి లేపితే లోపల వెండి రంగు చేపలు డజను దాకా టపటపలాడాయి, అడుగున ఒక చిన్న ఆక్టోపస్ ముడుచుకుని ఉంది.

"మా నాన్న ఇలాంటి ఆక్టోపస్‌ని పట్టుకుంటే నా మెళ్ళో వేసేవాడు," అంది వసీలా. చేపలు ఏరడానికి బుట్టలోకి వంగింది.

అప్పుడే మోటారు చప్పుడు వినపడింది. తెల్ల పడవ, అందులో లస్సాద్. దూసుకొచ్చి వాళ్ళ పక్కనే ఆగాడు. మోటారు ఆపలేదు.

"సీ మొంజీ! బాగా కట్టారే! సోది లేకుండా చెప్తాను. ఆ కాగితం మీద మీ హక్కు నాకు రాసిచ్చెయ్యండి. జిలానీ సంగతి నేను చూసుకుంటా. తొమ్మిది వేలు. రేపే, నగదు."

తొమ్మిది వేలు.

మొంజీ రెండో బుట్ట ఎత్తడం ఆపేశాడు. బయానా. సరిగ్గా అంతే. అయిదేళ్ళు కాదు, ఇంకొక్క ఆదివారం కూడా నడుం వంచక్కర్లేదు. బీర్ అలీ దారిలో నలభై చెట్లు, చెట్టుకీ చెట్టుకీ మధ్య ఇరవై నాలుగు మీటర్ల ఎర్రమట్టి, పాదాలు తడవని ఆస్తి. లెక్క వెయ్యడానికి పుస్తకం కూడా అక్కర్లేదు.

వసీలా తలెత్తలేదు. చేపలు ఏరుతూనే ఉంది. కానీ అంతకాలం కాపురం చేశాక మనిషి వీపు కూడా మాట్లాడుతుంది. ఆ వీపు ఊపిరి బిగబట్టిందని మొంజీకి తెలిసింది. ఒక్క మాట అడగదు. వద్దు అనదు. పదమూడేళ్ళు ఇలాగే అనలేదు.

"ఏమంటారు?" అన్నాడు లస్సాద్. అతని పడవ ఊగింది, దాని అల వచ్చి గోడకి తగిలింది. ఒక మట్ట వాలింది. దాని పక్కది కూడా వాలింది. మొంజీ వాటిని గుర్తుపట్టాడు. నడుం పట్టేసిన రోజు నాటినవి. ఒక్కోదాన్ని మూడుసార్లు పీకించాడు ముసలాడు.

"ముందా మోటారు ఆపు!" అని అరిచాడు.

"తొమ్మిది వేలంటున్నాను సీ మొంజీ—"

"వినపడింది. గోడ కదిలిపోతోంది, అది కనపడ్డంలా నీకు? బుట్ట మూతి దగ్గిర చేపలన్నీ బెదిరి వెనక్కి పోతున్నాయి. అవతలికి పో. ఆ పక్కన మాబ్రూక్ నీళ్ళు. అక్కడ నిలబడి తొమ్మిది కాదు, తొంభై అనుకో, వాడు వింటాడు."

లస్సాద్ ఏదో అన్నాడు. మొంజీ వినలేదు, అప్పటికే నీళ్ళలోకి దిగిపోయాడు. చలికి పళ్ళు కొట్టుకుంటున్నాయి. వాలిన మట్టని రెండు చేతులతో నిలబెట్టి, పడవ వైపు చెయ్యి చాచాడు.

"ఏం చూస్తావే అలా? గునపం అందుకో."

వసీలా గునపం అందించింది. అతను మట్టి తొక్కేదాకా చూసింది. తెల్ల పడవ చప్పుడు దూరమైంది.

"వంకరగా ఉంది," అంది అప్పుడు.

మొంజీ పీకాడు. మళ్ళీ నాటాడు.